ర్యామ్ పెంచితే పాత ల్యాప్‌టాప్ స్పీడవుతుందా, డబ్బు దండగా?

డిగ్రీ_మూడో_ఏడు: అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ నాకొచ్చింది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. డెస్క్‌టాప్ వచ్చాక కూడా చాలాసేపు ఏదీ తెరుచుకోదు. ఇంకో 4 జీబీ వేస్తే సరిపోతుందని షాపులో అంటున్నారు. వేయించనా?

సర్వీస్_బాబాయ్: వద్దు తమ్ముడూ. ఆన్ అయ్యేటప్పుడే ఈడుస్తోందంటే అది డిస్క్ పని. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్క్ అది. కావలసిన ముక్క దగ్గరికి హెడ్డు చేరడానికి ప్రతిసారీ పది మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. విండోస్ లేచేటప్పుడు అలాంటి ముక్కలు వేలల్లో చదవాలి. హార్డ్ డిస్క్ బదులు వేసుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదే లేదు, మిల్లీసెకనులో పదో వంతులో పనైపోతుంది. ఆ డబ్బు దానికి పెట్టు.

క్రోమ్_బాధితుడు: బాబాయ్ గారూ, సగమే చెప్పారు. 4 జీబీలో సగం దాకా విండోసే తినేస్తుంది. ఆపైన బ్రౌజర్లో పది ట్యాబులు తెరిస్తే, పట్టనిదాన్ని పేజ్ ఫైల్లోకి, అంటే డిస్క్ మీదికి తోసి, అవసరమైనప్పుడల్లా వెనక్కి లాక్కుంటుంది. అప్పుడు ఏది ఎంత వాడుతోందో చూపే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం కనిపిస్తుంది, అందరూ డిస్క్‌నే తిడతారు. ఎస్‌ఎస్‌డీ వేసినా ఆ తోపులాట ఆగదు. త్వరగా జరుగుతుంది కాబట్టి కనపడదంతే.

సర్వీస్_బాబాయ్: కనపడకపోతే చాలు కదయ్యా, వాడేవాడికి కావలసింది అదే.

గేమర్_కుర్రాడు: నేను 8 నుంచి 16కి పెంచా. తేడా సున్నా.

క్రోమ్_బాధితుడు: నీకు 8లోనే ఖాళీ ఉండుంటుంది బ్రో. ఖాళీ పక్కన ఇంకాస్త ఖాళీ పెడితే ఏం పెరుగుతుంది?

లెక్కల_మాస్టారు: వాదించుకునే బదులు కొలవనివ్వండి. బాబూ, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఆన్ అయిన వెంటనే ఒకసారి, రోజూ వాడేవన్నీ తెరిచాక ఒకసారి మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ శాతాలు చూసి ఇక్కడ పెట్టు. సెట్టింగ్స్‌లో అబౌట్‌కి వెళ్లి సిస్టమ్ టైప్ ఏముందో కూడా చెప్పు.

డిగ్రీ_మూడో_ఏడు: ఆన్ అవగానే మెమరీ 48, డిస్క్ 100. బ్రౌజర్, ఎక్సెల్, మీటింగ్ యాప్ తెరిస్తే మెమరీ 94, డిస్క్ మళ్లీ 100. సిస్టమ్ టైప్: 32 బిట్ ఓఎస్, ప్రాసెసర్ మాత్రం ఎక్స్64 అని ఉంది సార్.

క్రోమ్_బాధితుడు: మొదటిది బాబాయ్ గారి డిస్క్, రెండోది నా ర్యామ్ :)

లెక్కల_మాస్టారు: అసలు సంగతి ఆ చివరి ముక్క. 32 బిట్ విండోస్ 10 వాడుకోగలిగేది 4 జీబీ లోపే. షాపులో ఇంకో 4 వేయించినా అది అలా కూర్చునుండేది. నీ ప్రాసెసర్ ఎక్స్64, అంటే 64 బిట్‌దే కాబట్టి 64 బిట్ విండోస్ వేయాలి, ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ కుదరదు, ఫైళ్లు దాచుకుని మొదట్నుంచీ వేయాల్సిందే.

పెంగ్విన్_ప్రియ: విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసేయ్.

సర్వీస్_బాబాయ్: వచ్చారండీ! ఏదైనా వెయ్యి, పాత డిస్క్ మీద మాత్రం వద్దు. ఎలాగూ కొత్తగా వేస్తున్నప్పుడు ఎస్‌ఎస్‌డీ మీదే వెయ్యి, ర్యామ్ తర్వాత చూద్దాం.

క్రోమ్_బాధితుడు: తర్వాతెందుకు, మూత ఒకసారే విప్పొచ్చు. కాకపోతే నీ ర్యామ్ రకం డీడీఆర్3ఎల్లా, డీడీఆర్4ఆ కనుక్కో, ఒకదాని స్లాట్లో ఇంకోటి పట్టదు.

డిగ్రీ_మూడో_ఏడు: రెండింటికీ డబ్బుల్లేవు అన్నా.

సర్వీస్_బాబాయ్: అయితే ఎస్‌ఎస్‌డీ.

క్రోమ్_బాధితుడు: సరే, కానీ ట్యాబులు తగ్గించుకో.