అధిక బరువు ఉన్నవారికి పొట్ట తగ్గించే కాస్మెటిక్ సర్జరీ సురక్షితమేనా?

దేవరకొండ ఇల్లాలు:

అందరికీ నమస్కారం. నా వయస్సు 39 సంవత్సరాలు, ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. రెండు కాన్పులూ పెద్దాపరేషన్‌తోనే జరిగాయి, రెండోసారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేశారు. అప్పటి నుంచి కుట్ల పైభాగంలో పొట్ట మడతపడి కిందికి వేలాడుతోంది. ఎండాకాలంలో ఆ మడత కింద చెమట పట్టి, ఒరుసుకుపోయి, ఎర్రగా పుండు పడుతోంది. షుగర్ ఇంకా మొదలు కాలేదు కానీ, హద్దు మీద ఉందని అన్నారు.

హైదరాబాద్‌లో ఒక కాస్మెటిక్ క్లినిక్‌కు వెళ్తే, లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు లాగేయడం), టమ్మీ టక్ (వదులు చర్మం కోసి పొట్ట బిగించడం) రెండూ ఒకేసారి చేసి 15 కిలోలు తగ్గిస్తామని, ఈ నెలలోనే అడ్వాన్స్ కడితే ఫీజు తగ్గిస్తామని చెప్పారు. రక్తపరీక్ష ఒక్కటీ చేయకుండానే తేదీ కూడా ఇచ్చారు. మా ఆయన వద్దంటున్నారు, మా అక్క చేయించుకోమంటోంది. నాలాంటి బరువున్నవారికి ఈ ఆపరేషన్ ప్రాణానికి ప్రమాదమా, కాదా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

నల్లగొండ సర్జన్:

అమ్మా, మీరు చెప్పిన కొలతల ప్రకారం మీ బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే లెక్క, 34.5 వస్తుంది. మన భారతీయులకు 25 దాటితేనే ఊబకాయంగా లెక్కిస్తారు. చాలామంది ప్లాస్టిక్ సర్జన్లు బీఎంఐ 30 లోపు ఉన్నవారికే టమ్మీ టక్ చేయడానికి ఇష్టపడతారు, 35కు చేరువైతే ముందు బరువు తగ్గి రమ్మంటారు. మీ ఎత్తుకు 30 అంటే సుమారు 73 కిలోలు. కాబట్టి ఈ ఆపరేషన్ మీకు ఎప్పటికీ పనికిరాదని కాదు, ఇప్పుడున్న స్థితిలో మాత్రం వద్దంటాను.

కారణం తెలియాలంటే ఆపరేషన్‌లో ఏం చేస్తారో తెలియాలి. ఒక తుంటి ఎముక నుంచి రెండో తుంటి ఎముక దాకా అడ్డంగా కోసి, చర్మాన్ని, దాని కింది కొవ్వును కండరం మీది నుంచి పక్కటెముకల దాకా లేపి, విడిపోయిన పొట్ట కండరాలను దగ్గరకు తెచ్చి కుట్టి, పైచర్మాన్ని కిందికి లాగి మిగిలినదాన్ని కోసేసి, బొడ్డుకు కొత్త చోటు ఇస్తారు. అలా లేపిన చర్మానికి రక్తం పక్కల నుంచే అందాలి. కొవ్వు పొర మందంగా ఉన్నకొద్దీ ఆ రక్తం చాలదు. అందువల్లే బరువున్నవారిలో కుట్లు విడిపోవడం, అంచులు నల్లబడటం, చీము పట్టడం, చర్మం కింద నీరు చేరడం ఎక్కువగా చూస్తాము. షుగర్, బీడీ, గుట్కా, జర్దా వీటిలో ఏ ఒక్కటి తోడైనా గాయం మానడం ఇంకా కష్టమవుతుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. చాప మీద వెల్లకిలా పడుకోండి. పొట్ట పక్కలకు జారి చదునైతే, మీ సమస్యలో ఎక్కువ భాగం వదులు చర్మం, పైకొవ్వు. పడుకున్నా గుండ్రంగా పైకే నిలబడితే కొవ్వు లోపల, పేగుల చుట్టూ ఉందన్నమాట. ఆ లోపలి కొవ్వును టమ్మీ టక్ కానీ, లైపోసక్షన్ కానీ తాకలేవు. తరువాత తలను కొద్దిగా పైకెత్తి బొడ్డు పైన వేళ్లు పెట్టి చూడండి. రెండు కండరాల మధ్య రెండు మూడు వేళ్లు దూరితే కండరాలు విడిపోయాయని అర్థం, అక్కడ ఉబ్బు పొడుచుకొస్తే హెర్నియా, అంటే కండరాల సందులోంచి లోపలి కొవ్వో పేగో బయటికి తోసుకురావడం, కూడా ఉండవచ్చు.

15 కిలోల మాట మాత్రం నమ్మకండి. టమ్మీ టక్‌లో తీసేది చాలామందిలో రెండు మూడు కిలోలే. లైపోసక్షన్‌లో ఒకే విడతలో అయిదు లీటర్లు దాటితే దాన్ని పెద్ద ఆపరేషన్‌గానే చూడాలి. ఇక ఆరోగ్యం సంగతి అంటారా, 2004లో అమెరికాలో ఊబకాయం ఉన్న మహిళలకు లైపోసక్షన్‌తో దాదాపు 10 కిలోల కొవ్వు తీసి, కొన్ని వారాల తరువాత పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరులో మెరుగు కనిపించలేదు.

సూర్యాపేట రవాణా:

నా అభిప్రాయంలో ఎవరూ చేయించుకోకపోవడమే మంచిది. నటి ఆర్తీ అగర్వాల్ 2015లో అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందే లైపోసక్షన్ చేయించుకున్నారని పేపర్లలో వచ్చింది కదా. అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ వర్తించదు, ఆరోగ్య బీమా కంపెనీలూ ఇవ్వవు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసేవాటికీ, వైద్య అవసరమని డాక్టర్ రాసిచ్చిన వాటికీ మాత్రమే మినహాయింపు ఉంటుంది. అప్పు తెచ్చి ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకు?

పాలమూరు అక్క:

అన్నా, భయపెట్టడం ఒక్కటే సమాధానం కాదు. నేను చేయించుకున్నాను, బాగున్నాను, కానీ దేవరకొండ చెల్లెలు చెప్పిన పద్ధతిలో మాత్రం కాదు. నాకు షుగర్ ఉండేది, బరువు బాగా ఎక్కువ. ముందు బరువు తగ్గడానికి పొట్టలో చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ చేశారు. బరువు దిగి, దిగినచోట ఆరు నెలలు నిలకడగా ఉంటేనే టమ్మీ టక్ మాట ఎత్తమని ప్లాస్టిక్ సర్జన్ చెప్పారు. బేరియాట్రిక్ తరువాత సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర ఆగుతారు. ముందే చేస్తే, బరువు ఇంకా తగ్గినకొద్దీ చర్మం మళ్లీ వదులవుతుంది, పెరిగితే చేసిందంతా వృథా.

ఆపరేషన్ తరువాతి రోజుల గురించి క్లినిక్‌లవాళ్లు పెద్దగా చెప్పరు, అందుకే రాస్తున్నాను. కుట్టు కింద నుంచి రెండు పక్కలా సన్నటి గొట్టాలు, వాటి చివర బల్బుల్లాంటి డబ్బాలు ఉంటాయి. వాటిలో చేరే ఎర్రటి నీటిని ఇంట్లోవాళ్లు రోజూ కొలిచి రాయాలి, రోజుకు సుమారు 30 మిల్లీలీటర్ల లోపుకు దిగాకే గొట్టాలు తీస్తారు. నిటారుగా నిలబడితే కుట్టు లాగుతుంది కాబట్టి మొదట్లో నడుము వంచి నడవాలి, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకోవాలి. బిగుతు బెల్టు వారాల తరబడి వదలకూడదు. బిందె ఎత్తడం, పిండి కలపడం, పసివాళ్లను చంకన వేసుకోవడం ఆరు వారాల దాకా ఉండకూడదు. మన ఇళ్లలో ఆ పనులు ఎవరు చేస్తారో ముందే తేల్చుకోకపోతే ఎంత మంచి సర్జన్ చేసినా ఫలితం చెడుతుంది.

మత్తు డాక్టర్:

ఈ మాటల్లో ఇంతవరకు అసలు ప్రాణాంతకమైన విషయం రాలేదు. కాస్మెటిక్ ఆపరేషన్లలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువగా ఉండేవాటిలో టమ్మీ టక్ ఒకటి. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అధిక బరువు, గంటల తరబడి సాగే ఆపరేషన్, బిగించి కుట్టిన కండరాల వల్ల పొట్టలో పెరిగే ఒత్తిడి, నొప్పి భయంతో మంచం దిగకపోవడం అన్నీ అటువైపే తోస్తాయి. అందుకే ఆపరేషన్‌కు ముందు ప్రమాదాన్ని లెక్కగట్టి, కాళ్లకు గాలితో నొక్కే పట్టీలు వేసి, అవసరమైతే రక్తం పలుచబడే ఇంజెక్షన్ ఇచ్చి, అదే రోజు సాయంత్రానికి లేపి నడిపిస్తారు. పిక్క ఒకవైపే వాచినా, ఆయాసం వచ్చినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి రావాలి. ఆపరేషన్ కాగానే కారులో కదలకుండా కూర్చుని దేవరకొండ దాకా ప్రయాణించడం నాకు నచ్చదు, కొద్ది రోజులు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండండి.

ఈ కింది సంగతులు అడగకపోయినా మత్తు డాక్టర్‌కు చెప్పండి. రాత్రి గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్లు ఇంట్లోవాళ్లు గమనించారా? బతుకమ్మకో, పూజకో నెలసరి వాయిదా వేసే మాత్రలు వాడారా? వాటివల్ల కూడా గడ్డకట్టే ప్రమాదం పెరగవచ్చు. బరువు తగ్గడానికి 2025లో మన దేశంలోకి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే తప్పక చెప్పాలి, ఎందుకంటే ఆహారం కడుపులో ఎక్కువసేపు నిలిచి, మత్తులో ఉండగా ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశం ఉంది. మన నల్లగొండ జిల్లా మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, నడుము బిగుసుకున్నవారు వస్తుంటారు. వారికి మత్తులో ఊపిరి కోసం గొంతులో గొట్టం వేయడమూ, వెన్నులో సూది ఇవ్వడమూ కష్టం కాబట్టి మీ కుటుంబం అటువైపుదైతే అదీ ప్రస్తావించండి.

సూర్యాపేట అన్న చెప్పిన వార్త నిజమే. కానీ ఒక మరణ వార్తను బట్టి అందరికీ తీర్పు ఇవ్వలేము. రక్తపరీక్ష చేయకుండా తేదీ ఇచ్చిన చోటును మాత్రం నేను అనుమానిస్తాను. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే స్పెషలిస్టు డిగ్రీ ఉందా, పేరు తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో నమోదైందా, అక్కడ ఐసీయూ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి.

దేవరకొండ ఇల్లాలు:

అందరికీ కృతజ్ఞతలు. పడుకుని చూశాను, పొట్ట చాలావరకు పక్కలకు జారుతోంది కానీ, తల ఎత్తినప్పుడు బొడ్డు పైన నిమ్మకాయంత ఉబ్బు వస్తోంది. అడ్వాన్స్ కట్టడం మానుకున్నాను. బరువు తగ్గేదాకా ఆ మడత కింది పుండుకు ఏం చేయాలి?

నల్లగొండ సర్జన్:

ఆ ఉబ్బును ముందు చూపించాలి. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జరీ ఓపీకి వచ్చి పొట్ట స్కానింగ్ చేయించుకోండి. హెర్నియా అని తేలితే అది అందం లెక్కలోకి రాదు, చికిత్స అవసరమైన జబ్బు. లైపోసక్షన్ గొట్టం తెలియకుండా హెర్నియాలోకి దిగితే పేగుకు రంధ్రం పడవచ్చు, క్లినిక్‌లో పరీక్షించకుండా తేదీ ఇవ్వడంలో ఉన్న ముప్పు ఇదే. ఉబ్బు గట్టిపడి, నొప్పి పుట్టి, లోపలికి పోకుండా వాంతులు మొదలైతే ఓపీ రోజు కోసం ఆగవద్దు.

పుండుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గజ్జి ట్యూబులు వాడకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, రెండు రోజులు హాయిగా అనిపించి ఆ తరువాత ఫంగస్ ఇంకా పాకుతుంది, చర్మం పలుచబడుతుంది. స్నానం తరువాత మడతను ఎత్తి పూర్తిగా ఆరనిచ్చి, పాత నూలు చీర ముక్కను మడత మధ్య పెట్టి, తడిసినప్పుడల్లా మార్చండి. చర్మవ్యాధుల డాక్టర్ రాసిన ఫంగస్ మందును పుండు మానినట్లు కనిపించినా చెప్పినన్ని రోజులూ రాయండి. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, ఈ వారంలోనే చేయించుకోండి. మందులు వాడినా పుండు మళ్లీ మళ్లీ వస్తుంటే, కండరాల జోలికి పోకుండా వేలాడే మడతను మాత్రమే తీసే పానిక్యులెక్టమీ అనే ఆపరేషన్ ఉంది. దాన్ని బరువు కొంత ఎక్కువున్నవారికి కూడా వైద్య అవసరం కింద చేస్తారు, కాకపోతే గాయం మానడంలో చెప్పిన చిక్కులు దానికీ తప్పవు. వచ్చేటప్పుడు పాత ఆపరేషన్ల డిశ్చార్జ్ కాగితాలు తీసుకురండి.