కాలేజీ రేడియో సాంకేతిక చరిత్ర రాయాలి: పాత లాగు పుస్తకాలు ఎలా చదవాలి?

నాగావళి_గట్టు:
శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీ ఎఫ్‌ఎం స్టేషన్‌కి సాంకేతిక చరిత్ర రాయాలండి. 90.4 మెగాహెర్ట్జ్, 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, మేడ మీద మాస్టు, కిందికి 40 మీటర్ల ఆర్‌జీ-213 కేబులు, పైన ఒకటే డైపోల్ (రెండు చేతుల యాంటెన్నా). చేతిలో లాగు పుస్తకాలు (రోజూ మీటరు రీడింగులు రాసేవి), బిల్లులు, లైసెన్సు ఫైలు ఉన్నాయి. తేలనివి ఇవి. స్టేషన్ రాకముందటి స్టాకు రిజిస్టర్లో "హాస్టల్ రేడియో, 100 వోల్టుల లైను" అని ఉంది. లాగులో ఫార్వర్డ్ పవర్ (యాంటెన్నా వైపు వెళ్లేది) ఎప్పుడు చూసినా 50 వాట్లే. రిఫ్లెక్టెడ్ (యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చేది) మాత్రం మొదట 1 వాటు, తరవాత 5 దాకా ఎక్కింది, రిపేరు ఏదీ లేకుండానే మళ్లీ 2కి దిగింది. చిత్రమేమిటంటే ఆ 2 వాట్ల రోజుల్లోనే దూరం ఊళ్ల ఉత్తరాలు ఆగిపోయాయి. ఇంకా 2014, 2018 అక్టోబరు పేజీలు ఖాళీ.

గంటస్తంభం:
"100 వోల్టుల లైను" అంటే రేడియో కాదు మాస్టారూ, మైకు సెట్టు. ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ని ట్రాన్స్‌ఫార్మర్‌తో 100 వోల్టులకి పెంచి, సన్న తీగ మీద గదిగదికీ పంపుతారు. ప్రతి స్పీకర్ దగ్గరా ఇంకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 100 వాట్ల ఆంప్లిఫయర్‌కి 5 వాట్ల స్పీకర్లు ఇరవై కట్టొచ్చు. అంతకు మించితే లైను ఇంపిడెన్సు (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) 100 ఓమ్‌ల కిందికి పడి ఆంప్లిఫయర్ కాలుతుంది. గాలిలోకి ఏమీ వెళ్లదు గనక దీన్ని ప్రసారంగా లెక్కేయకండి. అమెరికాలో 1936లో బ్రౌన్ యూనివర్సిటీ కుర్రాళ్లు మొదలుపెట్టిన క్యాంపస్ రేడియోకీ దీనికీ పోలిక తేవద్దు. అది హాస్టళ్ల తీగల మీద ఏఎం సిగ్నల్ పంపడం, అక్కడ వినాలంటే రేడియో సెట్టు కావాలి.

మన దేశంలో విద్యాసంస్థలకి అనుమతి 2002 చివర్లో వచ్చింది. మొదటిది చెన్నైలో అన్నా ఎఫ్‌ఎం, 2004 ఫిబ్రవరి 1, అదీ 90.4 మీదే. 2006లో స్వచ్ఛంద సంస్థలకీ తలుపు తెరిచారు. లైసెన్సు ఫైల్లో మీకు పనికొచ్చేవి యాంటెన్నా ఎత్తు, గెయిన్ (పవర్‌ని ఒక దిక్కుకి కూడగట్టే శక్తి), కేబులు నష్టం. ఈఆర్‌పీ (గెయిన్ కలిపి, నష్టం తీసేసి లెక్కేసే ప్రసార పవర్) 100 వాట్లు, మాస్టు 30 మీటర్లు దాటకూడదన్న పరిమితికి ఈ లెక్క చూపించాలి. బిల్లుల కన్నా నమ్మకమైన కాగితం అదే.

ఉద్దానం_కొబ్బరి:
ఖాళీ పేజీలకి ట్రాన్స్‌మిటర్ చెడిందని రాసేయకండి. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ, రెండూ తుఫాన్లు. స్తంభాలు పడి జిల్లాలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఖాళీకి ముందు రోజు రీడింగూ, తిరిగి మొదలైన రోజు రీడింగూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే పోయింది కరెంటు. రిఫ్లెక్టెడ్ ఒక్కసారిగా గెంతితే మాస్టు మీద ఏదో కదిలింది.

కళింగపట్నం_దీపం:
అసలు సంగతి ఆ 5 నుంచి 2కి దిగడంలో ఉంది. బాగుపడిందని రాస్తే చరిత్ర తలకిందులవుతుంది. రిఫ్లెక్టెడ్ పవర్ కేబులు ఎక్కి, యాంటెన్నా దగ్గర తిరిగి, మళ్లీ కేబులు దిగి మీటరుకి వస్తుంది. కేబులు నష్టం రెండుసార్లు పడుతుంది. ముందు పైన కేబులుని యాంటెన్నాకి కలిపే ఎన్ కనెక్టర్‌కి చిలుము పట్టింది, రిఫ్లెక్టెడ్ 5కి ఎక్కింది. ఆ సందులోంచి వాన నీరు దిగి కేబులు లోపలి రాగి అల్లిక వెంట కిందికి పాకింది. కేబులే పవర్ తినేస్తుంటే మీటరు దాకా తిరిగొచ్చేది తగ్గింది. మీటరు చల్లగా కనబడింది, యాంటెన్నా ఆకలితో ఉంది.

తేల్చుకోవాలంటే: ట్రాన్స్‌మిటర్ పూర్తిగా ఆపి, మెయిన్ కూడా లాగేసి, అప్పుడే మాస్టు ఎక్కాలి. యాంటెన్నా విప్పి కేబులు పై కొస ఖాళీగా వదలండి. కింద నానోవీఎన్ఏ (కేబులు, యాంటెన్నా కొలిచే చిన్న పరికరం) పెట్టి 90.4 దగ్గర రిటర్న్ లాస్ (పంపిన సిగ్నల్ తిరిగొచ్చేసరికి ఎంత తగ్గిందో) చూడండి. అందులో సగం కేబులు నష్టం. ఆర్‌జీ-213 ఈ ఫ్రీక్వెన్సీలో 100 మీటర్లకి సుమారు 6.5 డీబీ (డెసిబెల్, 3 డీబీ పోతే పవర్ సగం) తింటుంది, కాబట్టి 40 మీటర్లకి 2.6, పరికరంలో రిటర్న్ లాస్ 5.2 దగ్గర రావాలి. పై కొస ఖాళీగా ఉండగా ట్రాన్స్‌మిటర్ మాత్రం వెయ్యకండి, ఫైనల్ ట్రాన్సిస్టర్ పోతుంది.

బొబ్బిలి_వీణ:
ఆడియో వైపు ఒక్క మాట. ఇంపోర్టెడ్ ఆడియో ప్రాసెసర్ (ప్రసారానికి ముందు శబ్దం సరిచేసే పెట్టె) ఎప్పుడు కొన్నారో బిల్లుల్లో చూడండి. మన ప్రీఎంఫసిస్ (ప్రసారానికి ముందు సన్న శబ్దాలని పెంచడం) 50 మైక్రోసెకన్లు, అమెరికా సెట్టింగు 75. మార్చకుండా వాడితే 10 కిలోహెర్ట్జ్ దగ్గర 3.3 డీబీ అదనంగా లేస్తుంది. స, శ, చ అక్షరాలు గరగరలాడతాయి, డీవియేషన్ (ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) 75 కిలోహెర్ట్జ్ దాటుతుంది. పాత రికార్డింగుల్లో మూలం శుభ్రంగా ఉండి, రేడియో నుంచి పట్టిన కాపీలోనే గరగర ఉంటే దోషం ఇదే కావచ్చు.

నాగావళి_గట్టు:
కొలిచామండి. పై కొస ఖాళీగా రిటర్న్ లాస్ 10.6 డీబీ.

కళింగపట్నం_దీపం:
అంటే ఒక దారికి 5.3. 50 వాట్లలో పైకి చేరేది 15 కన్నా తక్కువ. ఇంకా చూడండి: 50కి 2 వాట్లు తిరిగొస్తే మీటరు దగ్గర 14 డీబీ. అందులోంచి 10.6 తీస్తే యాంటెన్నా దగ్గర మిగిలేది 3.4. అంటే చేరినదాంట్లో దాదాపు సగం అక్కణ్ణుంచే వెనక్కి. గాలిలోకి వెళ్తున్నది 8 వాట్లు. కనెక్టర్ కోసి రాగి నల్లబడిందేమో చూడండి. ఎంత వెనక్కి కోసినా నలుపే వస్తే కేబులు మొత్తం మార్చాలి. మార్చేటప్పుడు అరంగుళం ఫోమ్ కేబులు తీసుకోండి, 40 మీటర్లకి 0.9 డీబీయే, పైకి 41 వాట్లు చేరతాయి. డైపోల్ కూడా విప్పి చూడాలి, ఒక్కో చెయ్యి సుమారు 79 సెంటీమీటర్లు ఉండాలి. డబ్బు మిగిలితే మాస్టు ఎత్తు మీద పెట్టండి. 15 మీటర్ల నుంచి 30కి వెళ్తే వచ్చే లాభం పవర్ నాలుగింతలు చేసినంత.

ఉద్దానం_కొబ్బరి:
కొత్త కనెక్టర్ మీద సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కుని ఒకే ముద్దయ్యే రబ్బరు టేపు) బాగా సాగదీసి చుట్టండి, దాని మీద ఎండకి ఆగే పీవీసీ టేపు. చివరి చుట్టు కింద నుంచి పైకి రావాలి, పెంకుటింటి కప్పులాగ పై పొర కింది పొర మీద పడాలి. పై నుంచి కిందికి చుడితే ప్రతి అంచూ నీళ్లు పట్టే దోనె. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ పుయ్యొద్దు, ఆ ఆమ్లమే రాగిని తింటుంది. కేబులు గదిలోకి వచ్చే చోట ఒక వంపు కిందికి వేలాడాలి, నీళ్లు అక్కడే కారిపోతాయి. ఉప్పుగాలి ఊళ్లలో ఏటా వానాకాలానికి ముందు విప్పి చూడాల్సిందే.

గంటస్తంభం:
చరిత్రలో ఆ పేరా ఇలా పెట్టండి: రిఫ్లెక్టెడ్ 2 దాటిన మొదటి తేదీ, 5 తాకిన తేదీ, దిగడం మొదలైన తేదీ, ఆఖరి దూరపు ఉత్తరం తేదీ. పక్కనే ఈ రోజు కొలత 10.6, కొలిచిన పరికరం పేరు. కోసిన కేబులు ముక్క ఒక అడుగు సంచిలో వేసి ఫైలుకి కట్టండి.