హోసూరు ఎయిర్‌పోర్టు వస్తే మన ఊళ్లకి పనులొస్తాయా?

హోసూరోడు: ఉండేది బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ, ఊరు హోసూరు పక్కన. తమిళనాడు ప్రభుత్వం 2024లో 2000 ఎకరాల్లో, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణికులకి సరిపడా ఎయిర్‌పోర్టు కడతామన్నప్పటి నుంచి మామయ్య పొలం అమ్మేద్దామంటాడు, నాన్న ససేమిరా అంటాడు, ఇంట్లో ఒకటే టెన్షన్. అసలు వస్తుందా?

దేవనహళ్లి పాతకాపు: తొందరపడకు తమ్ముడూ. ఇక్కడ దేవనహళ్లిలో ఉన్న బెంగళూరు ఎయిర్‌పోర్టు 2008లో మొదలైంది, మైసూరు, హాసన్ తప్ప 150 కిలోమీటర్లలోపు 25 ఏళ్లు కొత్తది రాకూడదని ఒప్పందం. అంటే 2033 దాకా ముడి అదే. పనులంటావా, మా వీధిలో భూమి ఇచ్చినవాళ్ల పిల్లలకి దొరికింది ఎక్కువగా సెక్యూరిటీ, క్యాబ్, లోడింగే. పక్కన హోటళ్లు, గోడౌన్లు వచ్చాక కాస్త పెరిగాయనుకో.

బొమ్మనహళ్లి అక్క: నాకైతే రావాలనే ఉంది. మీ వైపు నుంచి దేవనహళ్లికి 50 కిలోమీటర్ల పైనే, ఆరింటి ఫ్లైటుకి రెండింటికే లేవాలి, ఇదేం ఖర్మ! హోసూరులో ఫ్యాక్టరీలున్నాయి, గులాబీలు విదేశాలకి పోతాయి, కార్గో ఉంటే వాటికే అసలు లాభం.

హోసూరోడు: థాంక్స్ అన్నా, అక్కా. ఒప్పందం సంగతి మామయ్యకి చెప్పా. అయితే 2033లో అమ్ముదాం అంటున్నాడు.