అప్‌డేట్: ఎక్స్‌పోర్ట్‌లో వచ్చే పర్మిషన్ ఎర్రర్ పోయింది

వీడియో ఎడిటర్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కగానే 'డిస్క్‌లో రాయడానికి అనుమతి లేదు' అని ఆగిపోతోందని అడిగాను కదా, అది సర్దుకుంది. అడ్డుపడుతున్నది విండోస్ సెక్యూరిటీలోని 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్'. రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) నుంచి కాపాడటానికి డాక్యుమెంట్స్, వీడియోస్ లాంటి ఫోల్డర్లలో తనకు నమ్మకం లేని ప్రోగ్రామ్‌లను అది రాయనివ్వదు. అందుకే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినా లాభం లేకపోయింది. విండోస్ సెక్యూరిటీ ఆపేసినవి కనిపించే ప్రొటెక్షన్ హిస్టరీలో చూస్తే ఎడిటర్ పేరు, ఆపేసిన ఫోల్డర్ రెండూ స్పష్టంగా ఉన్నాయి.

రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ పేజీలో అనుమతించే యాప్‌ల జాబితాకు ఎడిటర్ ఈఎక్స్‌ఈ ఫైల్‌ను (ప్రోగ్రామ్‌ను నడిపే ఫైల్) చేర్చి, ఎడిటర్‌ను మూసి మళ్లీ తెరిచాను. ఎక్స్‌పోర్ట్ చివరిదాకా వెళ్లింది, టెన్షన్ తీరింది! కొన్ని ఎడిటర్లు రెండరింగ్‌కు (తుది వీడియో తయారు చేయడానికి) వేరే ఈఎక్స్‌ఈ వాడతాయి, దాన్నీ చేర్చాలి. ఆ రక్షణను మాత్రం పూర్తిగా ఆఫ్ చేయకండి. హిస్టరీ చూడమన్నవారికి చాలా థ్యాంక్స్.