ఆరేళ్ళ ఉద్యోగం వదిలేసి ఎం.టెక్‌కి వెళ్ళడం తెలివైన పనేనా?

గోదారి_కోడర్: హైదరాబాద్‌లో జావా బ్యాకెండ్ మీద పని చేస్తున్నాను, ఆరేళ్ళ అనుభవం. బీటెక్ మా జిల్లాలోనే ఓ ప్రైవేటు కాలేజీలో. ఈసారి ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో స్కోరు బాగానే వచ్చింది, పాత ఐఐటీల్లో ఎక్కడో ఒకచోట ఎం.టెక్ సీఎస్ సీటు రావచ్చు. డేటాబేస్‌లు లోపల ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలని ఆశ. జీతం వదులుకుని వెళ్ళనా, వద్దా?

పాత_జావా: వద్దు. గేట్ స్కాలర్‌షిప్ నెలకు 12,400. మాదాపూర్‌లో మంచి పీజీ అద్దెకే చాలదు. పోయే రెండేళ్ళ జీతం, ఏటా వచ్చే పెంపు, పీఎఫ్ అన్నీ లెక్కేసుకోండి. తిరిగొచ్చాక అదే జావా, ఆఫీసు పనులు పంచే జిరాలో అవే టికెట్లు. నేర్చుకోవాలనుంటే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగానే ఉన్నాయి.

మంజీర_తీరం: క్యాంపస్ హాస్టల్లో ఉండేవాడికి మాదాపూర్ అద్దెతో పనేంటండీ? నేనూ ఉద్యోగం మానేసి వెళ్ళినవాడినే. ఆఫీసులో క్వెరీ నెమ్మదిస్తే ఓ ఇండెక్స్ వేసి దండం పెట్టుకునేవాళ్ళం. ఎం.టెక్‌లో ఆ ఇండెక్స్ లోపల ఉండే బీ ప్లస్ ట్రీ అనే చెట్టులాంటి అమరిక మొత్తం మా చేతే రాయించారు. ఒక పేజీ నిండి రెండుగా చీలుతున్నప్పుడు ఇంకో థ్రెడ్ వచ్చి అదే పేజీ చదివితే ఏమవుతుంది, లాక్ ఎక్కడ పట్టాలి, ఎప్పుడు వదలాలి? రాత్రుళ్ళు కూర్చుంటే గానీ తేలలేదు. వీడియో చూస్తే వచ్చేది కాదది.

పాత_జావా: నేను 12,400 గురించి అడిగితే మీరు చెట్టు గురించి చెబుతున్నారు.

కడప_కారం: అమెరికాలో ఎం.ఎస్ చూడొచ్చుగా? చదువయ్యాక అక్కడ పని చేసుకునే ఓపీటీ అనుమతి ఏడాది, స్టెమ్ (సైన్సు, ఇంజినీరింగ్) కోర్సుకి ఇంకో రెండేళ్ళు.

ఉత్త_పాఠకుడు: హెచ్1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాక కూడా అమెరికానా?

కడప_కారం: అక్కడే చదివి వీసా స్టేటస్ మార్చుకునేవాళ్ళకి అది వర్తించదని వాళ్ళ ఇమిగ్రేషన్ శాఖే చెప్పింది. సగం వార్త చదివి భయపెట్టకండి.

విశాఖ_విద్య: గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, కంగారు లేదు. పరిశోధన ఇష్టమైతే గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఎం.ఎస్ బై రీసెర్చ్ ఉంది, దానికి పీజీఈఈ అని వేరే పరీక్ష. బొంబాయి ఐఐటీలో ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) సీటు అయితే మూడేళ్ళు పడుతుంది, అదీ చూసుకోండి.

పాత_జావా: మూడేళ్ళట!

మంజీర_తీరం: మీకు డబ్బులు తప్ప ఇంకేమీ కనబడవా? నేనెందుకు వెళ్ళానో వినండి. నేను పని నేర్పిన కుర్రాడికి నాకంటే ఎక్కువ జీతం ఇచ్చారు, వాడిది ఐఐటీ కాబట్టి. అడిగితే మేనేజర్ "బ్యాండ్ వేరు", అంటే జీతం స్థాయి వేరు, అని ఊరుకున్నాడు.

పాత_జావా: ఇప్పుడొచ్చారు దారికి. ట్రీ కోసం కాదు, బ్యాండ్ కోసం వెళ్ళారన్నమాట.

మంజీర_తీరం: రెండింటికీ వెళ్ళాను, తప్పా? అసలు మీ మంట దేనికి?

పాత_జావా: చెబుతాను. 2013లో నాకూ సీటొచ్చింది. అప్పుడు స్కాలర్‌షిప్ 8,000. నాన్న పంట అప్పు, చెల్లి పెళ్ళి, రెండూ నా జీతం మీదే. వెళ్ళలేదు. తర్వాత దాన్ని 12,400 చేసి అక్కడే ఆపేశారు. పీహెచ్‌డీ వాళ్ళ జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023లో 31,000 నుంచి 37,000 అయింది, ఎం.టెక్ వాడి ఊసే లేదు. డిగ్రీ పనికిరాదని నేననడం లేదు. ఇంట్లో ఇంకో సంపాదన ఉన్నవాడికే అందుతుంది అంటున్నాను. "ఇష్టముంటే వెళ్ళు" అనేవాళ్ళు ఆ మాట ఎందుకు చెప్పరు?

మంజీర_తీరం: మా నాన్నకు పెన్షన్ వస్తుంది కాబట్టే వెళ్ళగలిగాను, కాదనను. కానీ ఈయన ఇంటి సంగతి మీరడిగారా? మీ ఇంటి లెక్క ఆయనకి వేసి వద్దనేశారు.

విశాఖ_విద్య: అసలాయన ఎటు పోయారు?

గోదారి_కోడర్: ఇక్కడే ఉన్నానండీ. మా ఆవిడకీ ఉద్యోగమే, ఇల్లు తన జీతంతో నడుస్తుంది, అప్పుల్లేవు. తనే వెళ్ళమంటోంది. మా మామగారే "పెళ్ళయ్యాక మళ్ళీ బడికా" అని రోజూ ఫోన్‌లో గోల. ఆయనకేం చెప్పాలో పాలుపోవడం లేదు.

పాత_జావా: మామగారి సంగతి తర్వాత. పెళ్ళయినవాళ్ళకి క్యాంపస్‌లో క్వార్టర్ ఉందా, ఒంటరి హాస్టలేనా అన్నది ఐఐటీల సీటు ఆఫర్లు వచ్చే సీఓఏపీ పోర్టల్‌లో ఆఫర్ ఒప్పుకునే ముందే ఆ ఐఐటీకి మెయిల్ పెట్టి కనుక్కోండి. మీ ఆవిడ హైదరాబాద్‌లోనే ఉండిపోతే రైలు టికెట్ల ఖర్చు కూడా రాసుకోండి.