వెండి గుళికలు పలకకు ఎందుకు పట్టడం లేదు?

కొత్తకొలిమి:
సభ్యులందరికీ నమస్కారం. ఉదయం నుంచి ఆరు గంటలపాటు ఇదే పని మీద కూర్చుని, రెండు పలకలు పాడుచేసుకుని, విసిగిపోయి ఈ ప్రశ్న రాస్తున్నాను. ప్రాచీన ఇటలీకి చెందిన ఎట్రుస్కన్ల నగలలో కనిపించే పద్ధతిలో, వెండి పలక మీద సన్నని వెండి గుళికలను టంకం లేకుండా అతికించాలని నా ప్రయత్నం. మూడు నెలల క్రితం మొదటిసారి చేసినప్పుడు నలభై గుళికలలో ముప్పై ఎనిమిది పట్టాయి, గోటితో గీరినా ఊడలేదు. ఇప్పుడు అదే వెండి, అదే జిగురు, అదే మంట వాడుతున్నా ఒక్కటీ నిలవడం లేదు. వేడి తక్కువైతే కుంచె తగలగానే రాలిపోతున్నాయి, కాస్త పెంచితే గుళికలు పలకలోకి కుంగిపోయి పలక అంచు కూడా ముద్దవుతోంది. ఈ రెండింటి నడుమ అతికే క్షణం ఒకటి ఉండాలి కదా, అది నాకు చిక్కడం లేదు. నేను మార్చినదేమీ లేదు. దయచేసి ఎవరైనా దారి చూపండి.

ఊదుగొట్టం:
వెండి నాణ్యత ఎంత? జిగురులో ఏం కలిపారు? గుళికలను దేనితో శుభ్రం చేశారు? ఈ మూడూ తెలియకుండా జవాబు చెప్పలేము.

గాలివెలుతురు:
టంకం వాడటం లేదని చదివి సంతోషించాను. అయినా ఈ చర్చ చూసేవారిలో రేపు విసుగెత్తి టంకం వైపు వెళ్లేవారు ఉంటారు కాబట్టి ఒక మాట చెప్పాలి. పాత పెట్టెలలో మిగిలిపోయిన టంకం ముక్కలలో కాడ్మియం అనే విష లోహం ఉండవచ్చు. కాడ్మియం 767 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, అందువల్ల మంట కొద్దిగా ఎక్కువైనా అది ఆవిరై గాలిలో కలుస్తుంది. ఆ పొగ పీల్చిన వెంటనే ఏమీ తెలియదు, కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులు వాచి ప్రాణం మీదకు వస్తుంది. ఐరోపా సమాఖ్య 2011లో నగలలోనూ అతుకు లోహాలలోనూ దీనిని నిషేధించింది. ఏం కలిసిందో తెలియని టంకాన్ని ఎంత పొదుపు కోసమైనా వాడకండి. పాత నగకు మరమ్మతు చేసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం, ఎందుకంటే లోపల ఏ అతుకు ఉందో పైనుంచి కనిపించదు. కిటికీ తెరిచినంత మాత్రాన సరిపోదు, పొగను ముఖానికి దూరంగా లాగే ఏర్పాటు ఉండాలి.

పాతనగలు:
ఎట్రుస్కన్ల పేరు ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలోనే వారు మిల్లీమీటరులో చిన్న భాగమంత ఉండే బంగారు గుళికలను వరుసలుగా పేర్చి అతికారు. ఇటలీలోని చెర్వెతెరిలో 1836లో తెరిచిన సమాధిలో దొరికిన పెద్ద పిన్ను చూస్తే, గుళికల అడుగున అతుకు పొంగినట్టు ఎక్కడా కనిపించదు. 19వ శతాబ్దంలో రోమ్‌లోని కాస్టెల్లానీ కుటుంబం ఆ పనిని తిరిగి సాధించాలని ఎంతో శ్రమించింది, అయినా అంత సన్నదనం వారికి పూర్తిగా అందలేదు. రాగి లవణాన్ని జిగురులో కలిపి వేడిచేసే మార్గాన్ని 1930లలో ఆంగ్లేయుడైన లిటిల్‌డేల్ స్పష్టపరిచాడు. వేడికి రాగి లవణం ఆక్సైడుగా మారుతుంది, జిగురు మాడి బొగ్గవుతుంది, ఆ బొగ్గు ఆక్సైడులోని ఆక్సిజన్‌ను లాగివేయగా మిగిలిన రాగి గుళికకూ పలకకూ మధ్య పలుచని పొరగా నిలిచి వాటిని కలుపుతుంది. మీరు రాగి కలిపారా, లేదా?

కొత్తకొలిమి:
వెంటనే స్పందించినందుకు కృతజ్ఞతలు. పలక, గుళికలు రెండూ 999 వెండి, అంటే మేలిమి వెండి. పలక మందం 0.4 మిల్లీమీటర్లు. జిగురు నీటిలో పలుచగా కలిపిన తుమ్మజిగురు, అందులో చిటికెడు వెలిగారం తప్ప ఇంకేమీ లేదు. మొదటిసారి కూడా రాగి కలపలేదు, అయినా గుళికలు పట్టాయి. అందుకే రాగి కారణం కాదని నా నమ్మకం.

అక్షరదీపం:
చర్చలో వెలిగారం పేరు వచ్చింది కాబట్టి ఒక సవరణ. సంస్కృతంలో టంకణం అంటే వెలిగారమే. ఆ పేరుకు దగ్గరి మాటనే మనం అతుకు లోహానికి టంకం అని వాడుతున్నాం. నేర్చుకునేవారు పాత పుస్తకంలో టంకణం అని చదివి అతుకు లోహం వేస్తే పని చెడుతుంది. ఒకటి లోహాన్ని శుభ్రంగా ఉంచే ఖనిజం, మరొకటి కరిగి అతికే మిశ్రమం. ఇంకో సంగతి, రాగి పొరతో అతికితే అది టంకం లేని పని ఎలా అవుతుంది?

పాతనగలు:
బయటినుంచి తెచ్చి పెట్టేది టంకం. రాగి పొర పెట్టినప్పుడు అతుకు లోహం ఇంకా లేదు, అది వేడిలో అక్కడికక్కడే పుడుతుంది. ఈ తేడాను చెరిపేస్తే ఎట్రుస్కన్ పనికీ మామూలు అతుకు పనికీ భేదమే మిగలదు.

అక్షరదీపం:
ఎక్కడ పుట్టినా, మూల లోహం కంటే ముందుగా కరిగి రెండింటినీ పట్టి ఉంచేది టంకమే అని నా అభిప్రాయం. పేరు పనిని బట్టి రావాలి కాని పుట్టుకను బట్టి కాదు. గ్రీకులు దీనికి వాడిన రాగి ఖనిజాన్ని క్రిసొకొల్లా అన్నారు, ఆ మాటకు బంగారు జిగురు అని అర్థం. వారు కూడా పనిని బట్టే పేరు పెట్టారు.

ఊదుగొట్టం:
మూడో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

కొత్తకొలిమి:
క్షమించండి, అది చెప్పదగినంత విషయం కాదనుకున్నాను. గుళికలను ఎప్పటిలాగే పలుచని ఆమ్లంలో వేసి, నీటితో కడిగాను. పాత ఆమ్లం నీలంగా మారిపోయిందని నెల క్రితం పారబోసి కొత్తది కలుపుకొన్నాను. అప్పట్లో ఇనుప పట్టకారుతో తీసేవాణ్ని, దానివల్ల గుళికలు కొంచెం ఎర్రబారేవి. అది మంచిది కాదని ఎక్కడో చదివి ఇప్పుడు ప్లాస్టిక్ పట్టకారు వాడుతున్నాను. అంటే పని మునుపటి కంటే శుభ్రంగానే జరుగుతోంది.

బొగ్గుపొడి:
మీరు పోగొట్టుకున్నది ఆ ఎరుపునే. పాత ఆమ్లం నీలంగా మారింది అందులో రాగి కరిగి ఉండటం వల్ల. మీరు బహుశా రాగి ముక్కలను, రాగి కలిసిన వెండిని కూడా అందులోనే శుభ్రం చేసి ఉంటారు. ఇనుము ఆ ద్రావణంలో మునిగి వెండిని తాకినప్పుడు, కరిగిన రాగి వచ్చి వెండి మీద పలుచని పొరగా కూర్చుంటుంది. మీకు తెలియకుండానే ప్రతి గుళికకూ రాగి పూత పడింది. మామూలు నగకు అది మరకే, మీ పనికి మాత్రం అదే ఆధారం. వెండి ఒక్కటే అయితే 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగి ఒక్కటే అయితే 1085 దగ్గర, కాని సుమారు 72 పాళ్ల వెండి, 28 పాళ్ల రాగి కలిసిన చోట 780 దగ్గరే కరుగుతుంది. మొదటిసారి మీకు దాదాపు 180 డిగ్రీల వెసులుబాటు దొరికింది. ఇప్పుడు మేలిమి వెండిని మేలిమి వెండికి, అది కరిగే అంచున నిలబెట్టి అతకాలని చూస్తున్నారు. అది అసాధ్యమేమీ కాదు, కాని 0.4 పలక మీద చేయి ఒక్క క్షణం ఆలస్యమైతే మీరు చెప్పినట్టే ముద్దవుతుంది.

రాగి కరిగిన ఆమ్లాన్ని చిన్న గాజు గిన్నెలో వేరుగా ఉంచుకోండి. గుళికలను అందులో వేసి, ఇనుప తీగ ముక్క వాటికి తగిలేలా పెడితే కొద్దిసేపట్లో గులాబీ రంగుకు వస్తాయి. పలకకు పూత అక్కరలేదు. నీటితో బాగా కడిగి, పలుచని జిగురుతో పేర్చి, పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే ఆవిరి గుళికలను ఎగరేస్తుంది, వెలిగారం ఎక్కువైతే ఉబ్బి పక్కకు నెడుతుంది. మంటను అడుగునుంచి పెట్టండి, ఎందుకంటే పైనుంచి పెడితే పలక కంటే గుళికలే ముందు వేడెక్కుతాయి. ఆక్సిజన్ తక్కువగా ఉండే మెత్తని మంట కావాలి, లేకపోతే రాగి నల్లబడి అతకదు. గుళికల మొదళ్ల దగ్గర తడి మెరుపు పరుగెత్తినట్టు కనబడగానే మంట తీసేయండి. నేను మొదట్లో ఆ మెరుపును చూస్తూ ఉండిపోయి చాలా పలకలు పోగొట్టుకున్నాను.

ఊదుగొట్టం:
సరైన జవాబు. గుళికలు ఒకే పరిమాణంలో ఉండాలి. తీగ మందం ఎంతో అంత పొడవుకే కత్తిరించి బొగ్గు పొడిలో కరిగించండి, గుళిక వ్యాసం తీగ మందం కంటే సుమారు ఏడోవంతు ఎక్కువ వస్తుంది.

గాలివెలుతురు:
ఆమ్లాన్ని నీటిలో పోయాలి కాని నీటిని ఆమ్లంలో పోయకూడదు. వేడి వెండిని నేరుగా ఆమ్లంలో వేయకండి, చిమ్ముతుంది.

అక్షరదీపం:
రాగి, వెండి కలిసి 780 దగ్గర కరిగి అతికాయని పైన రాశారు. నేను టంకమన్నది దానినే.

కొత్తకొలిమి:
పన్నెండు గుళికలకు ఎరుపు పూత వేసి ఇప్పుడే చూశాను. పదకొండు పట్టాయి. ధన్యవాదాలు, మిగతా పలక రేపు చేస్తాను.