అప్‌డేట్: ప్రొజెక్టర్ వదిలేశా, బోర్డ్ గేమ్‌కి పెట్టా

పోయిన నెల అడిగాను కదా, క్రౌడ్‌ఫండింగ్‌లో (వస్తువు తయారవ్వకముందే జనం డబ్బు పెట్టే పద్ధతి) ఒక మినీ ప్రొజెక్టర్, ఒక బోర్డ్ గేమ్ చూశాను, దేనికి డబ్బులు పెట్టొచ్చు అని. మీరందరూ ఓపిగ్గా చెప్పారు, చాలా థ్యాంక్స్.

ప్రొజెక్టర్ వదిలేశా. వీడియో మళ్ళీ చూస్తే అంతా కంప్యూటర్‌లో గీసిన బొమ్మలే, పనిచేసే పీస్ ఒక్క షాట్‌లో కూడా లేదు, ప్రోటోటైప్ వీడియో పెట్టమని కామెంట్‌లో అడిగితే పది రోజులైనా జవాబు రాలేదు. పైగా వాళ్ళు అడిగిన మొత్తం, అంటే టార్గెట్, చేరకపోయినా వచ్చిన డబ్బు వాళ్ళకే వెళ్ళే పద్ధతి, అది నాకు అస్సలు నచ్చలేదు. కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో అలా కాదు, టార్గెట్ చేరితేనే కార్డ్ నుంచి డబ్బు కట్ అవుతుంది.

అయితే టార్గెట్ చేరినంత మాత్రాన వస్తువు వస్తుందని కాదండీ. 2014లో కిక్‌స్టార్టర్‌లోనే కూలెస్ట్ కూలర్ అనే ఐస్ బాక్స్‌కి కోటి 30 లక్షల డాలర్లు పైనే వచ్చాయి, 2019లో కంపెనీ మూసేశారు, వేలమందికి కూలర్ అందనే లేదు. అది చదివాక నిజంగా బాధేసింది.

బోర్డ్ గేమ్ వాళ్ళు ఇంతకుముందు రెండు గేమ్స్ డెలివరీ చేశారు, రూల్‌బుక్ మొత్తం చదవడానికి పెట్టారు. ఇండియాకి షిప్పింగ్, కస్టమ్స్ కలిపి లెక్కేసుకుని, పోయినా తట్టుకోగలిగినంతే పెట్టా. గేమ్ వచ్చాక మళ్ళీ రాస్తా.